ఒకటి మిగిలింది

డ్రాహైమ్ షెడ్డులో నా బండి
ఒంటికాలి కొంగలా నిలబడింది,
ఎడమ చక్రం నేల మీద, కుడిది గాల్లో.
"రెండు చుట్లు తిప్పు" అన్నాడు కెల్విన్ డ్రాహైమ్
కిందికి దూరి, షాఫ్టు మీద తాను గీసిన సుద్దగీతనే చూస్తూ.
తిప్పాను.
గీత మూడుసార్లు తిరిగి వచ్చి
ఇంకాస్త జరిగి ఆగిపోయింది.
"మూడు పాయింటు సున్నా ఎనిమిది" అన్నాడు,
బీపీ చూసి చెప్పే డాక్టరులా.
"కొండ దగ్గర అందుకే ఏడుస్తోంది."

ఏడుస్తుంది, నిజమే.
వెనక ట్రెయిలర్లో ముప్పైరెండు తేనెపెట్టెలు,
పైన వల, వల కింద లక్షల రెక్కల గొణుగుడు.
గాటన్‌లో చీకటి పడ్డాక బయల్దేరి
తూవుంబా కొండ మొదట్లో రెండో గేరులోకి దిగిపోతాను.
వేడి ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది.
ఉల్లిపాయల లారీ కూడా
హారను కొట్టి, జాలిపడి, దాటిపోతుంది.

డ్రాహైమ్ దగ్గర ఇంకో జత ఉంది,
తుక్కులోకి పోయిన బండిలోంచి తీసి
పాత పేపర్లో చుట్టి, నూనె కారుతూ.
నాలుగు పాయింటు ఒకటి ఒకటి.
అది వేస్తే కొండని బండి మెట్లెక్కినట్టు ఎక్కుతుంది.
కానీ కొండ నాలుగు కిలోమీటర్లే.
ఆ తర్వాత గుండివిండి దాకా రెండు వందల ఇరవై, చదును.
(గుండె, వెండి కలిపి పలికినట్టుంటుంది ఆ పేరు,
అక్కడే ఈ ఏడు ఐరన్‌బార్కు పూసింది.)
ఇప్పుడు వందలో రెండు వేల నూరు చుట్లు తిరిగే ఇంజను
ఇక రెండు వేల ఎనిమిది వందలు తిరగాలి
దారి పొడుగునా, గొంతు చించుకుని.

చిక్కేమిటంటే, కొండ నాది.
చదును సువర్చలది.
పైకి చేర్చి, పెట్రోలు బంకు దగ్గర స్టీరింగు ఆమెకిచ్చి
నేను కునుకు తీస్తాను.
అంటే నా పది నిమిషాల సుఖానికి
ఆమె రెండున్నర గంటలు చెవులు అప్పివ్వాలి.

రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
పాత జత: నలభై పళ్ళు, పదమూడు పళ్ళు.
పదమూడు మూళ్ళు ముప్పైతొమ్మిది, ఒకటి మిగిలింది.
కొత్త జత: ముప్పైఏడు, తొమ్మిది.
తొమ్మిది నాలుగులు ముప్పైఆరు,
మళ్ళీ ఒకటి మిగిలింది.
ఆ ఒకటి కావాలనే మిగిల్చారట, డ్రాహైమ్ చెప్పాడు.
సరిగ్గా భాగారం పోతే
ఎప్పుడూ అదే పన్ను అదే పన్నును కొరికి అరిగిపోతాయి.
ఒకటి మిగిలితే చుట్టు చుట్టుకీ జరుగుతూ
ప్రతి పన్నూ ప్రతి పన్నునీ పలకరిస్తుంది.

"వద్దులే" అన్నాను, బిల్లు మడిచి.
"చదును మీద నీకు నిద్ర పడుతుంది కదా,
నా కోసం ఎందుకు కేకలు?"

సువర్చల పొగడబ్బీలో కొబ్బరిపీచు కూరుతోంది.
"మరి కొండ ఎక్కేటప్పుడు
నేను నిద్రపోతున్నానని నీకెవరు చెప్పారు?"

చెప్పింది అప్పుడు.
కళ్ళు మూసుకునే ఉంటుందట.
పాదం మాత్రం తన వైపు నేలని
నొక్కుతూనే ఉంటుందట, అక్కడ ఏ పెడలూ లేదు.
నాలుగు కిలోమీటర్లూ. ఏడేళ్ళుగా.
నేనెప్పుడూ ఆ చీకట్లోకి చూడలేదు.

పొద్దున్నే డ్రాహైమ్‌కి ఫోను చేశాను.
వేసేద్దాం అన్నాను.
"స్పీడు ముల్లుకి చిన్న ప్లాస్టిక్ చక్రం కూడా మార్చాలి,
అది రావడానికి రెండు వారాలు.
అందాకా నువ్వు వందలో పోతే నూట ముప్పైమూడు చూపిస్తుంది."
పువ్వు రెండు వారాలు ఆగదు.
ఫోను చేత్తో మూసి సువర్చలకి చెప్పాను.

"ఎంత చూపిస్తే అందులో పావు తీసేస్తాను," అంది,
"నీ మాటల్లో తీసేసినట్టే."